కొలవక్కర్లేని దూరాలు

(శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కళాశాలలో గణితం, కంప్యూటర్ సైన్సు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం ఇది. మధ్యలో వచ్చిన ప్రశ్నలు అలాగే ఉంచాం.)

వెనక బెంచీల వాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాన్లు ఆపితే ఉక్కపోత, వేస్తే నా గొంతు మీదాకా రాదు. ఫ్యాన్లే ఉండనివ్వండి, నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను.

ఇందాక పరిచయం చేస్తూ మాస్టారు నన్ను కంప్యూటేషనల్ జామెట్రీ పండితుణ్ణి చేసేశారు. మాది ఉద్దానం. నాన్న కొబ్బరి, జీడి తోటల మనిషి. ఎం.టెక్ రోజుల్లో సెలవులకి ఇంటికెళ్తే, "అక్కడ ఏటి సదువుతున్నావురా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక "చుక్కల మధ్య దూరాలు కొలుస్తాం నాన్నా" అన్నాను. "కొలిత్తే జీతాలిత్తారేటిరా?" అన్నాడు. (నవ్వులు) అప్పుడు జవాబు దొరకలేదు. ఇప్పుడైతే చెప్తాను: కొలిస్తే ఎవరూ ఇవ్వరు నాన్నా, కొలవకుండా జవాబు చెప్తే ఇస్తారు. ఈ గంటసేపూ నా దగ్గర ఉన్న సరుకు అదొక్కటే.

బోర్డు మీద ఇరవై చుక్కలు పెడుతున్నాను. అన్నిటికంటే దగ్గరగా ఉన్న జంట ఏది? ఆ అమ్మాయి చెప్పేసింది, కుడి మూల. మన కంటికి ఇట్టే దొరుకుతుంది. కంప్యూటరుకి బోర్డు కనపడదు. దానికి అందేది ఒక జాబితా, చుక్కకి రెండేసి అంకెలు. కళ్లకి గంతలు కట్టి, చేతికో టేపు ఇచ్చి, తోటలో వదిలేసినట్టు ఉంటుంది దాని పరిస్థితి.

అందుకని మొదట ఎవరికైనా తోచేది రెండు ఫర్ లూపులు. ప్రతి చుక్క నుంచి ప్రతి చుక్కకీ కొలువు, చిన్నది దాచుకో. ఈ గదిలో అరవై మంది ఉన్నారనుకుంటే, అందరూ అందరితో ఒక్కసారి చెయ్యి కలపడానికి 1,770 సార్లు. ఫరవాలేదు. లక్ష చుక్కలైతే? దాదాపు 500 కోట్ల జంటలు. సెకనుకి పది కోట్ల దూరాలు చూసే యంత్రం ఉందనుకుందాం, 50 సెకన్లు పడుతుంది. పది లక్షల చుక్కలకి గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది. కోటి చుక్కలకి ఆరు రోజులకి కాస్త తక్కువ. చుక్కలు పదింతలైతే పని వందింతలు. కొత్త కంప్యూటరు కొన్నా ఈ వడ్డీ తీరదు.

కోటి చుక్కలు ఎవరిక్కావాలి అని అడగొచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మీరంతా అప్పటికి బడి పిల్లలు. తెల్లారి లేచి చూస్తే మా తోటలో నిలబడ్డ చెట్టు కంటే పడిపోయిన చెట్టే ముందు కనిపించింది. అలాంటప్పుడు ఇద్దరు కుర్రాళ్లు చెరో వైపు నుంచి తోటల్లోకి దిగి, పడిన ప్రతి చెట్టు దగ్గరా ఫోనులో చోటు గుర్తు పెట్టుకుంటూ వచ్చారనుకోండి. మధ్యలో కొన్ని చెట్లు ఇద్దరి లెక్కలోకీ వస్తాయి. చెట్టుకీ చెట్టుకీ పాతిక అడుగుల ఎడం ఉన్న తోటలో, జాబితాలో రెండు చుక్కలు మూడడుగుల దూరంలో కనిపిస్తే అది ఒకే చెట్టు అయ్యుండాలి. ఫోను చూపించే చోటు నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది కనక వ్యవహారం ఇంత శుభ్రంగా తేలదనుకోండి, అయినా లెక్క ఇదే. ఒక మండలం, ఒక జిల్లా అనుకుంటూ పోతే కోటి పెద్ద సంఖ్యేం కాదు.

ముందు సులువైనది చూద్దాం. మన జిల్లాకి సముద్ర తీరం చాలా పొడుగు కదా, ఆ ఇసుక మీద ఒకే గీతలో పడవలు లాగి పెట్టారు. ఏ రెండు పడవలు బాగా దగ్గర? ఉత్తరం నుంచి దక్షిణానికి వరసలో పెట్టి, పక్కపక్క పడవల మధ్య మాత్రం చూస్తే చాలు. బారువ దగ్గరి పడవకీ కళింగపట్నం దగ్గరి పడవకీ మధ్య దూరం ఎవరూ కొలవరు, వాటి మధ్యలో వేరే పడవలున్నాయి గనక. సార్టు చెయ్యడమే, అంటే వరస పెట్టడమే, ఇక్కడ ఖర్చు, ఎన్ లాగ్ ఎన్: చుక్కల సంఖ్యని, అది ఒకటయ్యేదాకా ఎన్నిసార్లు సగం చెయ్యొచ్చో ఆ అంకెతో గుణించినంత పని.

తోటలోకి వస్తే ఈ ఎత్తు పారదు. తూర్పు పడమరలుగా వరస పెడితే, వరసలో పక్కపక్కన వచ్చిన రెండు చెట్లు ఉత్తర దక్షిణాల్లో మైలు దూరంలో ఉండొచ్చు. ఈ చిక్కు విప్పింది 1975లో, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న మైకేల్ షామోస్, డాన్ హోయీ. వాళ్ల పేపరులో కొబ్బరి తోట ఉండదు. అది నేను తెచ్చుకున్నది, ఎందుకంటే నాకు ఈ విషయం నిజంగా అర్థమైంది తోటలో నిలబడ్డాకే.

అన్నదమ్ముల పంపకం అనుకోండి. తోట మధ్యలో ఉత్తర దక్షిణాలుగా గట్టు వేశాం, చెట్లు అటు సగం ఇటు సగం వచ్చేలా. ఇంత సమానంగా పంచిన తండ్రిని నేను ఇంతవరకూ చూడలేదు, అయినా అనుకుందాం. పడమటి వాటా అన్నది, తూర్పు వాటా తమ్ముడిది. అన్న తన వాటాలో బాగా దగ్గరగా ఉన్న జంటని వెతుక్కుని "24 అడుగులు" అన్నాడు. తమ్ముడు తన వైపు చూసుకుని "30" అన్నాడు. రెండిట్లో చిన్నది 24. ఇక మిగిలిన అనుమానం ఒకటే. ఒక చెట్టు అన్నది, ఒక చెట్టు తమ్ముడిది అయి, మధ్యలో 24 కంటే తక్కువ ఉన్న జంట ఉందా? ఉంటే ఆ రెండు చెట్లూ గట్టుకి 24 అడుగుల లోపే ఉండాలి. పొలం తగువు ఎప్పుడూ గట్టు దగ్గరే కదా. వాటా నడిమధ్యలో ఉన్న చెట్టుకి అవతలి వాడితో పేచీ ఏముంటుంది?

(ఒక విద్యార్థి: సార్, చెట్లన్నీ గట్టు వారనే ఉంటేనో? అప్పుడు మళ్లీ అన్నిటినీ అన్నిటితో కొలవాలి కదా?)

కూర్చో బాబూ. కాదు కాదు, నిలబడే ఉండు, అందరూ నిన్ను చూడాలి. ఈ ప్రశ్న వెయ్యకుండా ముందుకెళ్లినవాడికి అల్గారిథమ్ బట్టీ వచ్చింది గాని బోధపడలేదు. నేనూ పరీక్ష రాసిన రెండేళ్లకి గాని ఈ ప్రశ్న వేసుకోలేదు.

చెట్లన్నీ గట్టు వారనే ఉన్నాయనుకో. వాటిని దక్షిణం నుంచి ఉత్తరానికి వరసగా చూసుకుంటూ నడు. ఒక చెట్టు దగ్గర ఆగావు. దానికి ఉత్తరంగా 24 అడుగుల లోపు ఉన్నవాటితోనే నీకు పని. అంటే గట్టుకి ఇటు 24, అటు 24, పైకి 24. వెడల్పు 48, ఎత్తు 24 ఉన్న మడి. ఆ మడిలో ఎన్ని చెట్లు పడతాయి? దాన్ని పన్నెండేసి అడుగుల గళ్లుగా విడగొట్టు. ఎనిమిది గళ్లొస్తాయి. ఏ గడీ గట్టు దాటదు, నాలుగు అన్నవి, నాలుగు తమ్ముడివి. పన్నెండడుగుల గడిలో మూల నుంచి మూలకి దాదాపు 17 అడుగులు. ఒకే గడిలో రెండు చెట్లుంటే వాటి మధ్య అంతకి మించి ఉండదు. కాని అన్న ముందే చెప్పాడు, నా వాటాలో ఏ రెంటి మధ్యా 24కి తగ్గదని. తమ్ముడు 30 అన్నాడు. అందుకని గడికి ఒక్క చెట్టే. మొత్తం ఎనిమిది. నువ్వు నిలబడ్డ చెట్టు తీసేస్తే ఏడు. గట్టు వారన లక్ష చెట్లున్నా సరే, ఒక్కో చెట్టుకి తర్వాతి ఏడు చూస్తే చాలు.

ఇప్పుడు కూర్చో.

ఇది నాన్నకి తెలిసిన సంగతే. "మొక్కకీ మొక్కకీ పాతిక అడుగులు ఎడం ఉండాల్రా, నేకపోతే కాయ కాయదు. ఎకరాకి డెబ్బయ్యే" అనేవాడు. ఎకరా 43,560 చదరపు అడుగులు, పాతికని పాతికతో గుణిస్తే 625, భాగించి చూడండి, డెబ్బయికి ఇసుమంత తక్కువ. ఎడం ఖాయమైతే గుంపు కట్టడం సాధ్యం కాదు. జామెట్రీ పుస్తకాల్లో దీనికి ప్యాకింగ్ వాదన అని పేరు. నేను చూసిన దూరాల అల్గారిథమ్‌లలో సగానికి సగం, ఏ వేషంలో వచ్చినా, లోపల ఇదే ఉంటుంది.

మరి అన్నకి ఆ 24 ఎలా తెలిసింది? తన వాటాని తన ఇద్దరు కొడుకులకీ పంచి. ఆ కొడుకులు మళ్లీ వాళ్ల పిల్లలకి. లక్షని సగం, సగం చేసుకుంటూ పోతే పదిహేడు తరాల్లో వాటాకి ఒక చెట్టు మిగులుతుంది. ఒక్కో తరంలో ఒక్కో చెట్టుని కొద్దిసార్లే ముట్టుకుంటాం. లక్ష ఇంటూ పదిహేడు, పదిహేడు లక్షలు. ఆ ఏడు కొలతలూ మిగతా చిల్లర పనులూ కలుపుకుని పదింతలు చేసినా రెండు కోట్లు దాటదు. 500 కోట్లెక్కడ, రెండు కోట్లెక్కడ! కోటి చుక్కలకైతే ఆరు రోజుల పని నిమిషంలోపు అవుతుంది.

ఇక్కడ నా బుద్ధితక్కువ ఒకటి చెప్పాలి. మొదటిసారి ఈ ప్రోగ్రాము రాసి, ఇష్టం వచ్చినట్టు వెదజల్లిన చుక్కల మీద నడిపితే బ్రహ్మాండంగా నడిచింది. ఆ ధైర్యంతో అసలు తోట అంకెలు ఎక్కించాను. ప్రోగ్రాము ఆగదే! ఎంతసేపటికీ ఆగదు. రాత్రంతా చూశాను. తోటలో చెట్లు వరసల్లో నాటుతారు. ఒక వరసలోని చెట్లన్నిటికీ ఎక్స్ విలువ, అంటే తూర్పు పడమరల అంకె, ఒకటే. నేనేమో "గట్టు కంటే ఎక్స్ తక్కువైతే అన్నకి, లేకపోతే తమ్ముడికి" అని రాశాను. గట్టు సరిగ్గా వరస మీద పడేసరికి వరస వరసంతా తమ్ముడికే పోయింది, అన్నకి సున్నా. మళ్లీ పంచినా అంతే, మళ్లీ అంతే. ఎక్స్ సమానమైనప్పుడు వై చూసి పంచమని ఒక్క ముక్క చేరిస్తే సరిపోయింది. పుస్తకాల్లో "ఏ రెండు చుక్కలకీ ఎక్స్ ఒకటి కాదనుకుందాం" అని చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. మా నాన్న తోట ఆ పుస్తకం చదవలేదు. (నవ్వులు)

దీనికంటే వేగం కుదరదా? అంకెల్ని కలపడం, తియ్యడం, గుణించడం, పోల్చడం, ఇవి మాత్రమే తెలిసిన యంత్రానికి కుదరదు. జాబితాలో ఒకే అంకె రెండుసార్లు ఉందా అని తేల్చడానికే ఎన్ లాగ్ ఎన్ అడుగులు తప్పవని 1983లో మైకేల్ బెన్-ఓర్ చూపించాడు. దగ్గరి జంట తెలిస్తే, ఆ దూరం సున్నా అవునో కాదో చూసి ఆ ప్రశ్నకి జవాబు చెప్పేయొచ్చు. కాబట్టి దగ్గరి జంట అంతకంటే చవగ్గా రాదు.

అయితే దానికి ఏడేళ్ల ముందే, 1976లో, మైకేల్ రాబిన్ ఈ హద్దుకి అవతల నుంచి వెళ్లిపోయాడు. ఆయన యంత్రానికి ఇంకో రెండు పనులు వచ్చు. ఒకటి, అంకెలోని దశాంశ భాగం కోసేయడం, అంటే చుక్క ఏ గడిలో పడుతుందో నేరుగా చెప్పడం. రెండోది, పందెం వెయ్యడం. ఆ ఆలోచనని తర్వాతివాళ్లు సులువు చేసిన రూపం చెప్తాను, నాకు అదే ఇష్టం.

చుక్కలన్నిటినీ పేకముక్కల్లా కలిపేసి ఒక్కొక్కటే తెండి. ఇంతవరకూ వచ్చినవాటిలో అతి దగ్గరి దూరం ఎంతో, ఆ సైజు గళ్లు గీసి ఉంచండి. కొత్త చుక్క వస్తే దాని గడీ, చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లూ చూస్తే చాలు. మళ్లీ ఎడం వాదనే, ఒక్కో గడిలో నలుగురికి మించి ఉండరు. కొత్త చుక్క వల్ల దగ్గరి దూరం తగ్గకపోతే సంతోషం, ముందుకి పోతాం. తగ్గితే గళ్లు చెరిపి కొత్తగా గీయాలి, వచ్చిన చుక్కలన్నిటినీ మళ్లీ సర్దాలి. భయం అక్కడే. ఎన్నిసార్లు సర్దాలి?

అరసవిల్లిలో రథసప్తమి నాటి క్యూ తలుచుకోండి. గుడిలోకి వెయ్యిమంది వెళ్లారు. వాళ్లందరిలో పొడుగైనవాడు సరిగ్గా వెయ్యోవాడే అయ్యే అవకాశం ఎంత? వరస కలిపేసి ఉంటే వెయ్యిలో ఒకటి. మన లెక్కలో జంట కనక ఇద్దరు, వెయ్యిలో రెండు. వెయ్యో చుక్క దగ్గర సర్దితే పని వెయ్యి, అది జరిగే అవకాశం వెయ్యిలో రెండు. గుణిస్తే రెండు. లక్షో చుక్క దగ్గర సర్దడానికి పని లక్ష, అవకాశం లక్షలో రెండు. అదీ రెండే! మొత్తం మీద సగటున చుక్కకి రెండు చొప్పున సర్దుబాటు ఖర్చు. లాగ్ మాయమైపోయింది. ఈ రెండు ముక్కల లెక్క మొదటిసారి చదివిన రోజు నేను హాస్టల్లో భోజనానికి వెళ్లలేదు.

ఇక దీనికి ఎదురు ప్రశ్న. అన్నిటికంటే దూరంగా ఉన్న జంట ఏది? ఒకేలాంటి ప్రశ్న అనిపిస్తుంది గాని దీని తత్వం వేరు. ఇక్కడ ఎడం ఉపయోగపడదు. ఇక్కడ పనికొచ్చేది తాడు. తోట చుట్టూ తాడు వేసి బిగించి లాగండి. తాడు ఒరుసుకుని వంపు తిరిగే చెట్లే మనకి కావాలి, లోపలివి ఒక్కటీ అక్కర్లేదు. లోపలున్న చెట్టు నుంచి ఎంత దూరం కొలిచినా, అంచు మీద అంతకంటే దూరమైనది ఒకటి ఉంటుంది. ఈ తాడుని కాన్వెక్స్ హల్ అంటారు. ఎన్ లాగ్ ఎన్‌లో దాన్ని పట్టుకునే పద్ధతిని రొనాల్డ్ గ్రాహం 1972లో ఇచ్చాడు.

తాడుకి ఎన్ని చెట్లు తగులుతాయో ఊహించండి. చదరంగా ఉన్న తోటలో లక్ష చెట్లు, వరసలు లేకుండా, గింజలు చల్లినట్టు వెదజల్లాం. ఎన్ని? ఎవరో వెయ్యి అన్నారు. ఐదొందలా? సగటున ముప్పై. నిజం, ముప్పయ్యే! 1963లో రెన్యి, జులాంకె అనే ఇద్దరు తేల్చిన లెక్క ఇది, చెట్ల సంఖ్యకి లాగ్ తీసినంత నెమ్మదిగా పెరుగుతుంది. తోట గుండ్రంగా ఉంటే చాలా ఎక్కువ తగులుతాయి.

తాడు దొరికాక ఆ చెట్ల మధ్యనైనా అందరితో అందర్నీ కొలవాలా? అక్కర్లేదు. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్నారుగా, ఆ రెండు దవడల మధ్య తోటని బిగించండి. బిగించే ఉంచి తోట చుట్టూ ఒక సగం తిప్పండి. దవడలు ఏ రెండు చెట్లకి ఎదురెదురుగా తగులుతాయో ఆ జంటలే కొలవండి. తాడు మీద వంద చెట్లుంటే అలాంటి జంటలు నూట యాభైకి మించవు. ఇదీ షామోస్ పనే, 1978 థీసిస్‌లోది. తిరిగే కాలిపర్స్ అని పేరు పెట్టింది 1983లో టూసెంట్.

నేను ఇక్కడా ఒక తెలివి చూపించబోయాను. తాడు మీద ఒక చెట్టు దగ్గర నిలబడి మిగతావాటిని వరసగా చూస్తూ పోతే, దూరం పెరుగుతూ పోయి, శిఖరం చేరి, తగ్గుతుంది కదా, కాబట్టి తగ్గడం మొదలవగానే ఆగిపోవచ్చు అనుకున్నాను. కాలిపర్స్ గొడవే లేదు! బొమ్మ గీసి చూస్తే ప్రతిసారీ అలాగే వచ్చింది. ఎందుకంటే నేను గీసిన బొమ్మలన్నీ గుడ్డులా ఉన్నాయి. దూరం పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగి, మళ్లీ తగ్గే ఆకారాలు బోలెడున్నాయని ఏవిస్, టూసెంట్, భట్టాచార్య 1982లోనే రాసి పెట్టారు. నా తప్పు నాకంటే ముందే పెద్దవాళ్లు చేశారని తెలిసి కొంచెం ఊరట కలిగిన మాట వాస్తవం.

ఇంకొక చిన్న జాగ్రత్త. ఫోను నుంచి వచ్చిన అక్షాంశ రేఖాంశాల్ని ఎక్స్, వై అనుకుని నేరుగా కొలిచెయ్యకండి. మన శ్రీకాకుళం దగ్గర ఒక డిగ్రీ ఉత్తరానికి నడిస్తే దాదాపు 111 కిలోమీటర్లు, ఒక డిగ్రీ తూర్పుకి నడిస్తే 106 లోపే. ముందు మీటర్లలోకి మార్చుకోండి.

(ఒక విద్యార్థిని: సార్, మా ఇల్లు నాగావళి అవతల. ఇంటి మేడ మీంచి చూస్తే ఇవతలి ఒడ్డు దగ్గరే. కాని వంతెన తిరిగి రావాలి. అలాంటప్పుడు ఈ దూరాలేవీ పని చెయ్యవు కదా?)

బాగా అడిగావమ్మా. నేను ఇంతసేపూ చెప్పింది కాకి ఎగిరే దూరం. నది అడ్డం వస్తే గట్టు వాదం చెడిపోతుంది, ఒడ్డుకి ఇటూ అటూ ఎదురెదురుగా ఉన్న రెండు ఇళ్లు నిజానికి చాలా దూరం. అడ్డంకులు అనేకం ఉంటే దారి వాటి మూలల్ని ఒరుసుకుంటూ బిగించిన తాడులా పోతుంది. ఆ దారిని వేగంగా పట్టుకునే పద్ధతిని హెర్ష్‌బర్గర్, సూరి 1999లో ప్రచురించారు, అది ఈ పూటకి ఎక్కువ.

కాని నీ నది విషయంలో ఒక తమాషా ఉంది. వంతెన ఒకటే అనుకుందాం, ఏ ఒడ్డు మీదైనా తిన్నగా నడవొచ్చు అనుకుందాం. ఈ ఒడ్డున ఒక ఇల్లు, ఆ ఒడ్డున ఒక ఇల్లు, అతి దగ్గరి జంట కావాలి. నీ ఇంటి నుంచి వంతెనకి కొంత, వంతెన పొడుగు, వంతెన దిగి మా ఇంటికి కొంత. నీ ఇల్లు మారినా నా భాగం మారదు. అందుకని అవతల వంతెనకి బాగా దగ్గరి ఇల్లొకటి, ఇవతల వంతెనకి బాగా దగ్గరి ఇల్లొకటి, అంతే. సార్టు లేదు, పంపకం లేదు, ఏడు చెట్లూ లేవు. నది అడ్డొచ్చి లెక్క తేలిక చేసింది.

రెండు వంతెనలుంటే? దగ్గరి జంటకి ఇదే పని రెండుసార్లు. దూరపు జంట కావాలంటే మాత్రం చిక్కుంది. ఒక్కో జంటా తనకి దగ్గర పడే వంతెన ఎక్కుతుంది, అలా ఎక్కాక కూడా అన్నిటికంటే ఎక్కువ నడిచేదెవరు? అందరితో అందర్నీ కొలవకుండా చెప్పాలి. ఒక్క సూచన ఇస్తాను: ఒక్కో ఇంటి నుంచి రెండు వంతెనలకీ ఉన్న దూరాల తేడా తీసి, ఆ తేడాల వరసలో ఇళ్లని నిలబెట్టి చూడండి. జవాబు తెచ్చినవాళ్లు బయట చెట్టు కింద నన్ను పట్టుకోండి, పలాస బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది.